'బాగా కలిసింది' అని నొక్కని మనిషి

పోయిన నెలలో మా ఇంటికి ఒక ఉత్తరక్రియల కార్డు వచ్చింది. చేతిలో పడగానే చదవలేదు. ముందు వెనక్కి తిప్పి, అడుగున ఏ ప్రెస్సులో అచ్చయిందో చూశాను. పుంగనూరు ప్రెస్సే. ఆ తర్వాత ముందుకు తిప్పి చదివితే, చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ అలా తిప్పి చూడటం నాకు అలవాటు చేసిన మనిషే పోయాడని తెలిసింది.

కార్డులో 'ఉత్తరక్రియలు' అనే మాటకు రవత్తు ఎగిరిపోయి 'ఉత్తరకియలు' అని పడింది. ఆయన అదే ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రూఫులు దిద్దాడు. తన కార్డు దగ్గరికి వచ్చేసరికి దిద్దే మనిషి లేకపోయాడు.

పేరు రాయను. తన పేరు ఎక్కడైనా రాసి కనిపిస్తే ఆయనకు నచ్చేది కాదు. ఆఫీసు హాజరు పట్టీలో చూసినా, "ఈడ నా పేరు ఎవురు రాసినారు? యాల?" అని అడిగేవాడు. యాల అంటే మా వైపు ఎందుకని. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఇక్కడా అలాగే అంటాను.

మా ఆఫీసు మదనపల్లెలో ఒక బట్టల దుకాణం పైన ఉండేది. పన్నెండు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, ఎప్పుడూ తెరవని ఒక కిటికీ. బెంగుళూరు కంపెనీ ఒకటి మాకు పని పంపేది. తెర మీద ఎడమవైపు ఒక తెలుగు పేజీ కనిపిస్తుంది. వంట కావచ్చు, వార్త కావచ్చు, పంట తెగులు కావచ్చు, జాతకం కావచ్చు. కుడివైపు ఆ పేజీ పక్కన వేయడానికి ఎంచిన ప్రకటన ఉంటుంది. పేజీలోని మాటలు చదివి, దానికి తగిన ప్రకటనను తెచ్చి పెట్టేది యంత్రం. సరిగ్గా తెచ్చిందా లేదా అని చెప్పేది మేము. కింద మూడు మీటలు ఉంటాయి: 'బాగా కలిసింది', 'కొంచెం కలిసింది', 'కలవలేదు'. మేము నొక్కిన దాన్ని బట్టి యంత్రం నేర్చుకుంటుంది. మీటల కింద 'కారణం' అని ఒక ఖాళీ గడి ఉండేది. అందులో ఎవరమూ ఏమీ రాసేవాళ్ళం కాదు.

పెద్దాయన చేరేనాటికి నేను అక్కడ రెండేళ్ళ నుంచి ఉన్నాను. నొక్కడంతో పాటు, మిగతావాళ్ళు నొక్కినవి సరిచూసే పని కూడా నాదే.

మొదటి రోజే ఆయన కంప్యూటరు కెమెరా మీద ఒక పెళ్ళికార్డు ముక్క అంటించాడు. మేనేజరు చూసి నవ్వాడు. మేనేజరు కలికిరి నుంచి రోజూ బండి మీద వచ్చే కుర్రవాడు, మంచివాడే.

"అది పని చెయ్యదు సార్. ఊరికే ఉండాది," అన్నాడు.

"ఊరికే ఉండేదానికి కన్ను యాలప్పా?" అన్నాడు పెద్దాయన. ముక్క తీయలేదు.

గోడకు వీపు ఆనించి తప్ప కూర్చునేవాడు కాదు. ఎవరి పుట్టినరోజుకో కేకు తెస్తే, ఎవరు తెప్పించారో, ఎందుకు తెప్పించారో తెలిసిందాకా ముట్టేవాడు కాదు. తెలిశాక కూడా ముట్టేవాడు కాదు. ఇంటి నుంచి సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ తెచ్చుకుని, బాక్సు మూతను అడ్డంగా నిలబెట్టి, దాని వెనక తినేవాడు. మామూలు బటన్ల ఫోను వాడేవాడు, అది కూడా మాట్లాడేటప్పుడే తెరిచి, తర్వాత బ్యాటరీ తీసి జేబులో విడిగా పెట్టుకునేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. నవ్వుతూనే, ఈ మనిషి దేనికి ఇంత భయపడుతున్నాడో అని లోపల్లోపల అనుకునేవాళ్ళం.

పని చేసే తీరు ఇంకా వింత. తెర కుడివైపును ఒక అట్టముక్కతో మూసేసేవాడు. ఎడమవైపు పేజీని మొదటి నుంచి చివరి దాకా పెదవులు కదుపుతూ చదివేవాడు. చదవడం అయ్యాక కళ్ళు మూసుకుని, "ఎవురొస్తారు ఈ పేజీకి? యాల వస్తారు?" అని తనను తానే అడిగేవాడు. అప్పుడు అట్ట తీసి ప్రకటన చూసేవాడు. మేం నలభై పేజీలు దాటేసరికి ఆయన పదిలో ఉండేవాడు.

ఆయన విలువ మాకు తెలిసింది 'మందు' దగ్గర. టమాటా తోటకు మందు ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి అని ఒక వ్యవసాయం పేజీ. దాని పక్కన యంత్రం తెచ్చిపెట్టిన ప్రకటన: 'మందు మాన్పిస్తాం, ఇంట్లోవారికి తెలియకుండా.' మేమంతా పగలబడి నవ్వి, 'కలవలేదు' నొక్కి ముందుకు పోయాం. పెద్దాయన నవ్వలేదు. 'కారణం' గడిలో రాయడం మొదలుపెట్టాడు. మందు అంటే డాక్టరు ఇచ్చేది ఒకటి, చెట్టుకు కొట్టేది ఒకటి, మనిషి కొట్టేది ఒకటి, తుపాకిలో కూరేది ఒకటి. పక్కన తోట, ఆకు, ఎకరా ఉంటే అది చెట్టు మందు. పక్కన స్నేహితులు, పార్టీ ఉంటే సారాయి మందు. పురుగుల మందు తాగినారు అని ఉంటే అది చావు వార్త, దాని పక్కన ఏ మందు ప్రకటనా పెట్టకూడదు, తోట మందు అసలే పెట్టకూడదు. ఇంతా ఆ చిన్న గడిలో రాశాడు. ఇంకోసారి పుంగనూరు పొట్టి ఆవుల గురించిన పేజీ పక్కన తోలు బెల్టుల ప్రకటన వస్తే, తెరనే గదమాయించాడు: "ఆవును సూసేదానికి వచ్చినోడికి తోలు సూపిస్తావా?"

ఆ రాతలు చూసి బెంగుళూరు వాళ్ళు సంతోషపడ్డారు. ఇలాంటి కారణాలు ఇంకా రాయమన్నారు. మేనేజరు ఆయన్ని మెచ్చుకున్నాడు. పెద్దాయన మాత్రం, "మెచ్చుకోమని వాళ్ళకు ఎవురు సెప్పినారు?" అని నన్ను అడిగాడు.

ఆ తర్వాత రెండు నెలలకు, సరిచూస్తున్నప్పుడు నాకు ఒక తేడా కనిపించింది. మామూలు పేజీల్లో ఆయన గుర్తులు మా అందరికన్నా బాగుండేవి. జబ్బుల పేజీలకు వచ్చేసరికి మాత్రం తలకిందులయ్యేవి. షుగరు ఉన్నవాళ్ళు కాళ్ళు ఎలా చూసుకోవాలి అని ఒక పేజీ ఉంటుంది. పక్కన షుగరుకు పసరు పొడి ప్రకటన. పదకొండుమందిమి 'బాగా కలిసింది' అంటాం. ఆయన ఒక్కడే 'కలవలేదు' అంటాడు. మోకాళ్ళ నొప్పి పేజీ పక్కన తైలం వచ్చినా అంతే. అదే షుగరు పేజీ పక్కన చీరల ప్రకటన వస్తే ఏమీ అనకుండా 'కొంచెం కలిసింది' అని వదిలేసేవాడు. కారణం గడిలో కథలు రాసే మనిషి, ఈ జబ్బుల పేజీల దగ్గర మాత్రం ఒక్క అక్షరం రాసేవాడు కాదు.

మేనేజరుకు చూపించాను. ఆయన ముఖం మారిపోయింది.

"ఆ పొడి కంపెనీకి పోటీ కంపెనీ వాళ్ళు ఎవురైనా ఈయన్ని మన మధ్యన పెట్టినారేమో మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "ప్రతి శనివారం కుప్పం పోతాడు, తెలుసా? ఆడ ఏముండాదో ఎవురికీ సెప్పడు. మీరు పుంగనూరు దాకా ఆయన్తోనే బస్సులో పోతారు గదా. కొంచెం సూడండి."

మాది పుంగనూరే. ఆయనా నేనూ ఒకే బస్సులో వచ్చిపోయేవాళ్ళం. అప్పటిదాకా ఆయన పక్కన కూర్చోవడం నాకు కాలక్షేపం. ఆ రోజు నుంచి అది కాపలా అయింది.

కాపలా కాస్తూ చూస్తే ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. బస్సులో పక్కవాళ్ళు ఫోను చూస్తుంటే తొంగి చూసేవాడు. "ఏం సదవతాండావమ్మా? నీకేనా నొప్పి? ఈ బొమ్మ ముట్టుకున్యావా?" అని అడిగేవాడు. కొందరు చెప్పేవాళ్ళు, కొందరు విసుక్కుని తిరిగి కూర్చునేవాళ్ళు. తర్వాత ఒక పొడుగు నోటుబుక్కు తీసి పెన్సిలుతో ఏదో రాసుకునేవాడు. ఆఫీసులో చూసిన పేజీల సంగతి బయటికి పోకూడదని మా అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఈయన ఏం రాస్తున్నట్టు?

ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దారిలో టీకి ఆగింది. ఆయన నోటుబుక్కును, దాని మీద పెన్సిలును సీటులో పెట్టి దిగాడు. నేను తెరిచాను.

'బైరెడ్డిపల్లె. ఆడమనిషి. మోకాలి నొప్పి పేజీ. పక్కన తైలం. ముట్టింది.' 'పలమనేరు. రైతు. టమాటా ఆకు మచ్చ. పక్కన మందు డబ్బా. ముట్టలేదు, అంగట్లో అడుగుతానన్యాడు.' ఇలా పేజీల నిండా ఉన్నాయి. చివరి పేజీలో 'మదనపల్లె' అని రాసి, దాని కింద మా పేర్లు. పదకొండుమందివీ ఉన్నాయి. ప్రతి పేరు ఎదురుగా ఆ మనిషి ఎప్పుడు పనిలో చేరిందీ రాసి ఉంది. మూడు పేర్ల చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఆ మూడింటిలో ఒకటి నాది.

ఫోనుతో రెండు పేజీలు ఫోటో తీసి, పుస్తకాన్ని ఎక్కడిదక్కడ పెట్టాను. బస్సు పుంగనూరు చేరేలోపే మేనేజరుకు పంపేశాను.

దిగేటప్పుడు పెద్దాయన నా వెనకే దిగాడు.

"పెన్సిలు ముల్లు కిటికీ పక్కకు పెట్టి పోయినా పాపా," అన్నాడు. "వచ్చి సూస్తే నా పక్కకు ఉండాది."

నేను సంచీ సర్దుకోసాగాను.

"ఫోటో తీసినావా?"

తల ఊపాను.

"సగం తెలిసినోళ్ళ దగ్గరే ఇబ్బంది. రేపు కుప్పం వస్తావా నాతో?"

వెళ్ళకూడదనే అనుకున్నాను. రాత్రంతా ఆ సున్నా కళ్ళముందు తిరిగింది. అది ఎందుకు చుట్టాడో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మా అమ్మకు ఎక్కడికి పోతున్నానో, ఎవరితో పోతున్నానో చెప్పి మరీ బయల్దేరాను. ఆయనంటే అంత భయం పట్టుకుంది నాకు.

పలమనేరు, బైరెడ్డిపల్లె దాటి కుప్పం చేరాం. ఆయన రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక రేకుల ఇంటి ముందు ఆగి, "అక్కా," అని పిలిచాడు. లోపలి నుంచి చంకకర్ర చప్పుడు వినిపించింది. డెబ్బై ఏళ్ళు పైబడిన మనిషి వచ్చింది. కుడికాలు మోకాలి కింద లేదు.

"మా అక్క," అన్నాడు నాతో. "ఈ పాప మదనపల్లెలో నాతో పని చేస్తాదక్కా. నీ కాలి సంగతి ఈ పాపకు సెప్పు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కూర్చోమంది. మజ్జిగ ఇచ్చింది. తర్వాత, ఎన్నిసార్లు చెప్పుకుందో గాని, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

పూలు కట్టి మార్కెట్లో అమ్మేదట. షుగరుకు మాత్రలు వాడేది. కాలి బొటనవేలికి రాయి తగిలి పుండయింది. పుండును ఎలా కడగాలో చూద్దామని ఫోను తెరిచింది.

"రాత్రిబడికి పోయి పెద్దయినాక నేర్సుకున్యా సదువు. మెల్లిగా సదవతా," అంది. "ఎవురో డాక్టరు రాసినాడు. శానా బాగా రాసినాడు. గోరువెచ్చని నీళ్ళు పొయ్యమన్యాడు, తుడవమన్యాడు. దాని పక్కనే, అదే రంగు అచ్చరాలు. పుండు మానిపోతాది, షుగరు పోతాది, మాత్రలు మానెయ్యండి, ఈ పొడి తాగండి అని. నేను అడిగింది నా కాలి గురించే గదా పాపా? అది సెప్పింది నా కాలి గురించే. ఆ డాక్టరే సెప్తాండాడు అనుకున్యా."

మాత్రలు మానేసి పొడి తాగింది. కాలు నల్లబడిందాకా తమ్ముడికి చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి కాలు తీసేయడం తప్ప దారి లేదన్నారు.

"ఆడ చీరల బొమ్మ వచ్చింటే మా అక్క నవ్వి పారేసుండును," అన్నాడు పెద్దాయన, నా వైపు చూడకుండా. "అన్నం వండే కుక్కరు సూపించినా గమ్మునుండును. కలిసింది కాబట్టే నమ్మింది. బాగా కలిసింది కాబట్టే కాలు పోయింది."

రెండేళ్ళకు పైగా రోజూ వాడిన మాట అది. ఎవరో నా మొహం మీద కొట్టినట్టు వినిపించింది.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "కనుక్కున్యావా, ఎవురు పెట్టినారో?"

"ఇంకా లేదక్కా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయనే మొదలుపెట్టాడు. అక్క కాలు పోయాక, ఆ ప్రకటనను ఆ పేజీ పక్కన ఎవరు పెట్టారని ప్రతి వారం ఆమె అడిగేదట. ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు పని చేసిన మనిషికి, ఏ అచ్చయినా ఎవరో ఒకరు చూసి ఒప్పుకుంటేనే బయటికి వస్తుందని నమ్మకం. అడుగుతూ అడుగుతూ పోతే, యంత్రం పెడుతుందన్నారు. యంత్రానికి ఎవరు నేర్పించారని అడిగితే, మదనపల్లెలో కొందరు కూర్చుని తెలుగు పేజీలకు గుర్తులు పెడతారని ఎవరో చెప్పారు.

"అది నొక్కినోళ్ళు ఎవురో కనుక్కుందామనే చేరినా," అన్నాడు. "మొదటి నెల పని నేర్సుకోలా. మీ చేతులే సూస్తాంటి. మా అక్క కాలు పోయే ముందర నుంచీ ఉండేది మీరు ముగ్గురే. అందుకే సున్నా చుట్టినా."

మేం ఆయన్ని అనుమానించడానికి చాలా ముందే ఆయన మమ్మల్ని అనుమానించడం మొదలుపెట్టాడన్నమాట. గోడకు వీపు ఆనించి కూర్చున్నది మా అందరి తెరలూ కనబడాలని. చీకట్లో ఎవరో వెనకే నడిచి వచ్చినట్టు, ఆ ఆరు నెలలూ నా వెనక ఆయన ఉన్నాడని అప్పుడు తెలిసింది.

"నేనేనా సార్?" అని అడిగాను.

"తెలీదు పాపా. తెలిసే దారి లేదు," అన్నాడు. "మొదటి వారంలో మేనేజరు నేర్పించినట్ల నేనూ నొక్కినా. కాలి పుండు పేజీ, పక్కన లేపనం. 'బాగా కలిసింది' అని నొక్కేసి, తర్వాత పేజీకి పోయినాక గ్యాపకమొచ్చింది. మా అక్క ఉండేది ఆ పేజీలోనే. నేను నొక్కింది సూసి యంత్రం ఏం నేర్సుకున్యాదో, యాడ ఎవురికి ఏం సూపించిందో! ఆ దినం నుంచే జబ్బు పేజీలకు కలవలేదు అని పెడతాండా."

"మరి కారణం గడిలో రాయకపోతిరి గదా? రాసింటే ఎవురూ అనుమానపడరు గదా?"

"రాస్తే యాడికి పోతాదో, ఎవురు సదవతారో!" అన్నాడు. "ఆ పొడి కంపెనీ వాళ్ళే సదివితే? యాడ బాగా నమ్ముతారో మనమే రాసిచ్చినట్లయితాది."

 

సోమవారం నేను అరగంట ముందే ఆఫీసుకు పోయి, మేనేజరుకు మొత్తం చెప్పాను. ఆయన విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. కానీ ఫోటోలు అప్పటికే బెంగుళూరుకు పంపేశాడు. పేజీల వివరాలు, పనిచేసేవాళ్ళ పేర్లు రాసుకుని బయట తిప్పుతున్న మనిషిని ఆ రోజే ఆపేయమని వాళ్ళ దగ్గర నుంచి జవాబు వచ్చేసింది.

పెద్దాయన గొడవ చేయలేదు. నోటుబుక్కు ఇవ్వమంటే ఇచ్చాడు. సంతకం పెట్టమని ఒక కాగితం చేతికిస్తే, వెనక్కి తిప్పి చూసి, తెల్లగా ఉందని నిర్ధారించుకుని, అప్పుడు పెట్టాడు. కెమెరా మీది పెళ్ళికార్డు ముక్కను గోటితో ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మెట్ల దాకా వెంట పోయాను.

"నా వల్లే సార్," అన్నాను.

"అనుమానం వస్తే సూడాల్సిందే పాపా. నేను సూడలా?" అన్నాడు. "ఇంగ కారణం గడిలో నువ్వు రాయి. నాకు ధైర్యం చాలలేదు," అని మెట్లు దిగిపోయాడు.

నేను రాశాను. జబ్బు పేజీ వచ్చినప్పుడల్లా రాశాను. 'కలిసింది. అందుకే పెట్టకూడదు. చదివేవారు నొప్పితో, భయంతో వచ్చి ఉంటారు. పేజీ రాసిన డాక్టరే ఇది చెబుతున్నాడని అనుకుంటారు.' ఒకే మాట వందలసార్లు రాశాను. నా గుర్తులు మిగతావాళ్ళతో కలవడం లేదని నా మీద కూడా అనుమానం వచ్చింది. బెంగుళూరు నుంచి వీడియోలో పిలిచి అడిగారు. కుప్పంలో చూసింది చెప్పాను. ఎవరి ఊరు, ఎవరి పేరు చెప్పలేదు, కాలు మాత్రం చెప్పాను. అవతల ఉన్న అమ్మాయి చాలాసేపు రాసుకుంది. ఏం రాసుకుందో నాకు తెలియదు.

కొన్ని నెలలకు మాకు కొత్త నియమాలు వచ్చాయి. మూడు మీటల పైన రెండు కొత్త ప్రశ్నలు చేరాయి. ఈ పేజీకి పాఠకులు ఎందుకు వచ్చి ఉంటారు? ఈ ప్రకటనను పేజీ రాసినవారి సలహాగా పొరబడే అవకాశం ఉందా? రెండోదానికి అవునంటే, ప్రకటన ఎంత బాగా కలిసినా అది ఆ పేజీ పక్కన రాదు. పుంగనూరులో ఆయన ఇంటికి పరుగెత్తుకుపోయి చెప్పాను. ఆయన పడకకుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. సంతోషపడతాడనుకున్నాను.

"ఎవురు రాయించినారు ఇది? యాల?" అన్నాడు.

"మన మాట విన్నారేమో సార్."

"ఏమో. ఆ పొడి పేరు మార్చుకోని, ఇంగో ముఖం పెట్టుకోని వస్తాది, సూస్తాండు." అంతలోనే, "మొదటి ప్రశ్న ఇంగోసారి సదువు పాపా," అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పటికి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అదే ఆయన్ని చివరిసారి చూడటం.

ఉత్తరక్రియలు పుంగనూరులోనే జరిగాయి. ఆయన అక్క రాలేకపోయింది. ఆ తర్వాతి ఆదివారం నేనే కుప్పం వెళ్ళాను. ఆమె గడప దగ్గర కూర్చుని మల్లెలు కడుతోంది. నన్ను గుర్తుపట్టింది. తమ్ముడి గురించి కాసేపు చెప్పింది. చిన్నప్పుడు పాలగ్లాసులో వేలు పెట్టి చూసి గాని తాగేవాడు కాదట. చెబుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నా వైపు సూటిగా చూసింది.

"పని మానేసి వచ్చినాక వాడొక మాట సెప్పినాడు నాకు. ఆ బొమ్మ పెట్టింది నేనేనక్కా, నేనే నొక్కినా, ఇంగ ఎవురినీ అడగొద్దు అన్యాడు."

ఆమె ఇంకో రెండు మల్లెలు దారానికి కట్టింది.

"అబద్ధమని నాకు తెలీదా పాపా? వాడు ఆ పనిలో చేరిందే నా కాలు పోయినాక. పుట్టినప్పటి నుంచీ లోకాన్నంతా అనుమానపడినోడు, ఎవురి తప్పో తన నెత్తిన వేసుకున్యాడు. నేను కూడా గమ్మునైపోయినా. వాడు ఎవురినో దాస్తాండాడని అనుకున్యా." దారం పంటితో కొరికి తెంపింది. "నిన్నేనా?"

"తెలీదు పెద్దమ్మా," అన్నాను. "అప్పుడు ఆడుండేది ముగ్గురం. అయ్యిండొచ్చు."

ఆమె చేతిలోని మల్లెలు కింద పెట్టింది.

"ఒకటే అడగతా. మెల్లిగా సదివేదాన్ని నేను. ఆ డాక్టరు రాసిందంతా ఒక్కక్షరం వదలకుండా సదివినా. నువ్వు నొక్కేటప్పుడు, ఆ పేజీ అంతా సదివి నొక్కతాంటివా?"

స్టేషన్లోకి రైలు వస్తున్న చప్పుడు. అది ఆగిందాకా నాకు సమయం దొరికింది. అబద్ధం చెప్పడానికి అది సరిపోయేది.

"సదవతా ఉండలేదు పెద్దమ్మా," అన్నాను.